మొదటి ల్యాప్‌టాప్: ఇంజనీరింగ్‌లో చేరే మన పిల్లలు ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన రోజు నుంచి కాలేజీ తెరిచేదాకా మాకు వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. పిల్లలు "అన్నా, ల్యాప్‌టాప్ ఏది తీసుకోమంటారు?" అని అడుగుతారు. పక్కనే ఉన్న నాన్న ఫోన్ అందుకుని "ఎంతలో వస్తది సార్?" అంటాడు. ఒకే ఇంట్లోంచి వచ్చినా ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ల్యాప్‌టాప్‌ల మీద తెలుగులో వీడియోలకు కొదవ లేదు. కాకపోతే అవన్నీ మొదటి ప్రశ్నకే జవాబు చెబుతాయి. డెబ్బై వేలో లక్షో జేబులో పెట్టుకుని కూర్చున్నవాళ్లతో మాట్లాడతాయి. మేం రెండో ప్రశ్న దగ్గర మొదలుపెడతాం.

2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. ఒక మోస్తరు కొత్త ల్యాప్‌టాప్ 45 వేలు అనుకుంటే అది 147 రోజుల కూలీ. ఆ ఏడాదికి ఉపాధి హామీ చట్టం కుటుంబానికి రాసిచ్చిన పని వంద రోజులు. ఆ వంద రోజులూ పని దొరికి, కూలీ మొత్తం పక్కన పెట్టినా ఇంకా 14 వేలు తక్కువ పడతాయి. పైగా ఆ 45 వేలలో 18 శాతం జీఎస్‌టీ కింద 6,800 పైచిలుకు ప్రభుత్వానికే పోతుంది. గచ్చిబౌలిలో ఫ్లాటున్న ఇంటి అబ్బాయి కట్టే పన్నూ అంతే, గుంట భూమి లేని ఇంటి అమ్మాయి కట్టే పన్నూ అంతే.

ఇంకో లెక్క కూడా చూడండి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల్లో 23.4 శాతం ఇళ్లలో కంప్యూటర్ ఉంది. గ్రామాల్లో 4.4 శాతం ఇళ్లలోనే ఉంది. మన వాడల నుంచి బీటెక్‌కు వెళ్లే పిల్లల్లో చాలామందికి కాలేజీ ల్యాబే కంప్యూటర్‌తో మొదటి పరిచయం. పక్క బెంచీ కుర్రాడు ఎనిమిదో తరగతి నుంచీ కీబోర్డు మీద చేతులు ఆడిస్తున్నాడు. ఆ తేడా తెలివితేటల వల్ల వచ్చింది కాదు. కానీ మొదటి వారంలో ల్యాబ్‌లో అది తెలివితేటల తేడాగానే కనిపిస్తుంది, కొందరు మాస్టార్లకు కూడా. అందుకే తల్లిదండ్రులు అప్పు చేసైనా, అందరికంటే ఖరీదైన మిషన్ కొనిచ్చి పిల్లను పంపుదామనుకుంటారు. ఆ మనసు మాకు తెలుసు. అయినా ఆ పని చేయొద్దనే చెబుతున్నాం.

మాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో జరిగింది ఇది. తల్లి పుస్తెలు తాకట్టు పెట్టి, మిగతాది ఫైనాన్స్‌లో పెట్టి 78 వేల గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నారు. షాపువాడు "ఇంజనీరింగ్ అంటే ఇదే కావాలి" అన్నాడు. అబ్బాయి చేరింది సివిల్. హాస్టల్ గదిలో ఎనిమిది మంది, రెండే ప్లగ్గులు. ఆ మిషన్ బ్యాటరీ రెండు గంటలకు మించి ఆగేది కాదు, చార్జరే ఇటుకంత బరువు. రెండో ఏడాది ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ డబ్బు కట్టమంది. కట్టడానికి చేతిలో ఏమీ లేదు. ల్యాప్‌టాప్‌ను సగానికి సగం ధరకు అమ్మేశారు. ఫైనాన్స్ కిస్తీలు మాత్రం ఇంకా ఏడు మిగిలే ఉన్నాయి.

ఈ మొత్తంలో తప్పు ఆ తల్లిదండ్రులది కాదు. వాళ్లకు ముందే చెప్పవలసినవాళ్లం చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

మొదటి రోజుకే అక్కర్లేదు

బీటెక్ మొదటి ఏడాది ఏ బ్రాంచి అయినా సబ్జెక్టులు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్, డ్రాయింగ్, వర్క్‌షాపు, సీ ప్రోగ్రామింగ్. వీటిలో కంప్యూటర్ తప్పనిసరిగా కావలసింది ప్రోగ్రామింగ్‌కు, కొన్నిచోట్ల డ్రాయింగ్‌కు. ఆ రెండింటికీ కాలేజీలో ల్యాబ్ ఉంటుంది. ల్యాబ్ పరీక్ష కూడా అక్కడి కంప్యూటర్ మీదే రాయాలి.

గదికి వచ్చాక సాధన చేయడానికి మొదటి రెండు మూడు నెలలు ఫోన్ కూడా సరిపోతుంది. బ్రౌజర్‌లో సీ ప్రోగ్రామ్ రాసి నడిపే ఉచిత సైట్లు ఉన్నాయి, ఆన్‌లైన్‌జీడీబీ అందులో ఒకటి. నాలుగైదు వందల రూపాయల కీబోర్డు ఒకటి కొని ఓటీజీ తీగతో ఫోన్‌కు తగిలిస్తే టైపింగ్ అలవాటు కూడా అవుతుంది. ఇది చూసి ఎవరైనా నవ్వవచ్చు. నవ్వనివ్వండి. సీ లాంగ్వేజీలో పాయింటర్లు అర్థం కావడానికి గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు.

ఈ మూడు నెలలు ఆగితే మూడు లాభాలు. మీ బ్రాంచిలో నిజంగా ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో మీ కాలేజీ సీనియర్లే చెబుతారు. కౌన్సెలింగ్ చివరి విడతలో బ్రాంచి మారితే ఇబ్బంది ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, చేతిలో నగదు మిగులుతుంది.

ఈ నగదు సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. 2024లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దళిత కూలీ కొడుక్కి ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు వచ్చింది. 17,500 రూపాయల ఫీజు గడువులోపు కట్టలేక ఆ సీటు పోయింది. చివరకు సుప్రీంకోర్టు సెప్టెంబర్ 30న 142వ అధికరణం కింద జోక్యం చేసుకుని సీటు ఇప్పించింది. అందరికీ సుప్రీంకోర్టు దాకా వెళ్లే దారి ఉండదు. ఇక మన దగ్గర రీయింబర్స్‌మెంట్ బకాయిల సంగతి తెలిసిందే. 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం బంద్‌కే దిగాయి. యాజమాన్యాలకూ ప్రభుత్వానికీ మధ్య ఆ గొడవ నడిచినంతకాలం ఒత్తిడి పడేది విద్యార్థి మీద. ఫీజు కడితేనే హాల్‌టికెట్ అన్న మాట మన పిల్లలు వింటూనే ఉన్నారు. ఇంట్లో ఉన్న డబ్బంతా ఆగస్టులోనే ల్యాప్‌టాప్‌లో పోస్తే, ఆ మాట విన్న రోజున చేతిలో ఏముంటుంది?

అలాగని ల్యాప్‌టాప్ లేకున్నా ఫర్వాలేదని మేం అనడం లేదు. 2020 జూన్‌లో కేరళలో ఆన్‌లైన్ క్లాసులు మొదలైన రోజునే, ఇంట్లో టీవీ పనిచేయక, స్మార్ట్‌ఫోన్ లేక పాఠం వినలేకపోయిన ఒక దళిత బాలిక ప్రాణం తీసుకుంది. అదే ఏడాది నవంబరులో ఢిల్లీలో డిగ్రీ చదువుతున్న షాద్‌నగర్ అమ్మాయి ల్యాప్‌టాప్ కొనలేక, స్కాలర్‌షిప్ అందక, ఇంటికి భారం కాలేక వెళ్లిపోయింది. మిషన్ లేకపోవడం ఎంత పెద్ద లోటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండో సెమిస్టర్ నాటికి సొంత ల్యాప్‌టాప్ ఉండాలి. ఈలోగా కాలేజీ టీచర్లెవరైనా "ల్యాప్‌టాప్ లేకుండా ఇంజనీరింగ్‌కు ఎందుకొచ్చావు" అంటే, తలవంచుకుని ఊరుకోవద్దు. ఎందరు విద్యార్థులకు ఎన్ని కంప్యూటర్లు ఉండాలో ఏఐసీటీఈ నిబంధనల్లోనే ఉంది, ఆ లెక్క చూపించే కాలేజీ అనుమతి తెచ్చుకుంటుంది. సాయంత్రం ల్యాబ్ తెరిచి ఉంచమని ప్రిన్సిపాల్‌కు పదిమంది సంతకాలతో లేఖ ఇవ్వండి, నకలు మీద కాలేజీ ముద్ర వేయించుకోండి.

ఏం చూడాలి

షాపులో మొదట చెప్పేది ఐ3నా, ఐ5నా, ఐ7నా అని. దానికంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ర్యామ్ 16 జీబీ ఉంటే నాలుగేళ్లూ గడుస్తాయి. 8 జీబీతో మొదటి రెండేళ్లు నెట్టుకురావచ్చు, ఆ తర్వాత ఆండ్రాయిడ్ స్టూడియో లాంటిది తెరిస్తే మిషన్ ఆయాసపడుతుంది. 8 జీబీదే కొంటే తర్వాత పెంచుకునే వీలుందా అని తప్పక అడగండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, ఖాళీ స్లాట్ ఉండదు. అలాంటిది 8 జీబీతో కొంటే జన్మంతా 8 జీబీయే. ఇంకో సంగతి. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు ప్రపంచమంతటా ఎగబాకాయి, ఏఐ డేటా సెంటర్లు వాటిని ఎగరేసుకుపోతున్నాయి. "ఇప్పుడు 8 కొని, తర్వాత చవగ్గా పెంచుకుందాం" అన్న పాత సలహా అందుకే ఇప్పుడు అంత నమ్మదగింది కాదు. 16 జీబీకి మూడు నాలుగు వేలే ఎక్కువ అవుతుంటే అదే తీసుకోండి. మేం చెబుతున్న ధరలన్నీ కూడా ఈ కారణంగా అటూ ఇటూ అవుతాయి.

స్టోరేజి ఎస్‌ఎస్‌డీ అయి ఉండాలి, 512 జీబీ. పాత తిరిగే హార్డ్ డిస్కుతో వచ్చేది ఎంత చవకైనా వద్దు.

ఇప్పుడు ప్రాసెసర్. ఐ5 అన్న మాట ఒక్కటే వింటే మోసపోతాం, పక్కనున్న అంకె చూడాలి. 2013లో వచ్చిన నాలుగో తరం ఐ7 కన్నా 2022లో వచ్చిన పన్నెండో తరం ఐ3 ఎంతో వేగంగా పనిచేస్తుంది. ఐ3-1215యూ అనేది ఆరు కోర్ల ప్రాసెసర్, బీటెక్‌లో కోడింగ్‌కు హాయిగా సరిపోతుంది. ఐ5-1235యూ, 1335యూ దొరికితే ఇంకా మంచిది. ఏఎండీ రైజెన్‌లో ఇంకో తిరకాసు ఉంది. 2023 నుంచి వచ్చిన 7000 వరసలో మూడో అంకె ఆ చిప్ అసలు వయసు చెబుతుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే లోపల ఉన్నది పాత జెన్ 2 నిర్మాణం, నాలుగే కోర్లు. 7530యూలో మూడో అంకె 3, జెన్ 3, ఆరు కోర్లు. పేరులో తేడా ఒక్క అంకె, రెంటి మీదా రైజెన్ 5 అన్న స్టిక్కరే ఉంటుంది. కొత్తదైనా సరే సెలెరాన్, పెంటియం అని రాసి ఉన్నవి, ఎన్100 లాంటివి ఇంజనీరింగ్‌కు తీసుకోవద్దు.

గ్రాఫిక్స్ కార్డు గురించే ఎక్కువ అబద్ధాలు చెబుతారు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు అక్కర్లేదు. ఏఐ, డేటా సైన్స్ బ్రాంచిల వాళ్లకు "మోడల్ ట్రెయిన్ చేయాలంటే ఉండాల్సిందే" అంటారు. బీటెక్ స్థాయి ప్రాజెక్టులకు గూగుల్ కోల్యాబ్, కాగుల్ రెండూ పరిమితంగానైనా ఉచితంగా జీపీయూ ఇస్తాయి, పనంతా వాళ్ల సర్వర్ల మీద జరుగుతుంది. మన ల్యాప్‌టాప్‌కు బ్రౌజర్, ఇంటర్నెట్ ఉంటే చాలు. ఈసీఈ వాళ్లకు ఎల్‌టీస్పైస్ ఉచితం, తేలిక. వివాడో మాత్రం బరువైంది. దానికి కావలసింది ర్యామ్, డిస్కులో ఖాళీ. గ్రాఫిక్స్ కార్డు కాదు. మ్యాట్‌ల్యాబ్‌కు కాలేజీ లైసెన్సు ఉందేమో అడగండి. లేకపోతే ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్టు ప్రచారం చేస్తున్న సైల్యాబ్ ఉంది. అక్కడి స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో కొన్ని తెలుగులోనూ వినవచ్చు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇది నిజంగా పనికొస్తుంది.

మెకానికల్, సివిల్ వాళ్ల సంగతి కొంచెం వేరు. ఆటోక్యాడ్ విద్యార్థులకు ఉచితం, ఆన్సిస్‌కు కూడా ఉచిత విద్యార్థి వెర్షన్ ఉంది. డ్రాయింగులకు, చిన్న త్రీడీ మోడళ్లకు మామూలు ఐ5, 16 జీబీ సరిపోతాయి. పెద్ద అసెంబ్లీలు, రెవిట్‌లో బిల్డింగ్ మొత్తం చేయాలంటే గ్రాఫిక్స్ కార్డు సాయపడుతుంది. ఆ అవసరం వచ్చేది మూడో ఏడాదిలో. అప్పటికి ల్యాబ్‌లో చేసుకోవచ్చు, లేదా అప్పుడు ఆలోచించవచ్చు. ఈ రెండు బ్రాంచిల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం విండోస్ మీదే నడుస్తుంది, కనుక వీళ్లు మ్యాక్‌బుక్ జోలికి వెళ్లొద్దు. మిగతావాళ్లు కూడా వెళ్లక్కర్లేదనుకోండి, ఆ ధరకు.

వీడియోల్లో చెప్పనివి ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి బరువు: 1.7 కిలోలు దాటకుండా చూడండి, రోజూ బస్సులో నిలబడి వెళ్లేవాళ్లు మన పిల్లలు. రెండోది బ్యాటరీ: సంక్షేమ హాస్టల్లో ప్లగ్గు దొరకడం అదృష్టం. నిజంగా ఐదారు గంటలు ఆగే మిషన్ ఉంటే లైబ్రరీలో కూర్చుని చదువుకోవచ్చు.

కొత్తదా, వాడినదా

మా ఉద్దేశంలో చాలా ఇళ్లకు సరైన జవాబు ఇక్కడ ఉంది. పెద్ద కంపెనీలు ఉద్యోగులకిచ్చిన ల్యాప్‌టాప్‌లను కొన్నేళ్లకు ఒకసారి మార్చేస్తాయి. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటివి. ఇవి కొత్తగా ఉన్నప్పుడు లక్ష దాకా పలికినవి, గట్టిగా కట్టినవి, కీబోర్డు బాగుంటుంది, విప్పి ర్యామ్ మార్చుకోవడం తేలిక. శుభ్రం చేసి, సరిచేసి అమ్మేవాటిని రిఫర్బిష్డ్ అంటారు. 20 నుంచి 28 వేలలో 16 జీబీ, ఎస్‌ఎస్‌డీతో దొరుకుతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే చోట, వరసగా షాపులున్నాయి. ఆన్‌లైన్‌లోనూ అమ్ముతారు.

ఒక గీత మాత్రం దాటొద్దు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. ఆరో తరం, ఏడో తరం మిషన్లు ఈ కారణంగానే ఇప్పుడు మార్కెట్లోకి కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. 12 వేలకే ఐ7 అని చూపిస్తారు. వాటిమీద లినక్స్ చక్కగా నడుస్తుంది, కోడింగ్ ఒక్కటే చేసేవాళ్లకు ఉబుంటు మంచిదే. కానీ కాలేజీ అడిగే ప్రతి సాఫ్ట్‌వేర్ దానిమీద ఎక్కదు. పదో తరం పైన తీసుకుంటే నిశ్చింత.

షాపులో కూర్చుని ఓ గంట పరీక్షించండి, తొందరపెడితే బయటికి రండి. కీబోర్డులో ప్రతి అక్షరం నొక్కి చూడాలి. తెల్ల తెర, నల్ల తెర పెట్టి మచ్చలు, గీతలు ఉన్నాయేమో చూడాలి. కెమెరా, మైకు, స్పీకర్, వైఫై, అన్ని యూఎస్‌బీ రంధ్రాలు, మడత బందులు చూడాలి. చార్జర్ పీకి అరగంట నడిపించి బ్యాటరీ ఎంత దిగిందో గమనించాలి. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ అనే ఆదేశంతో బ్యాటరీ రిపోర్ట్ వస్తుంది, షాపువాళ్లనే తీసి చూపించమనండి. డిజైన్ కెపాసిటీ 50 వేలు, ఫుల్ చార్జ్ కెపాసిటీ 25 వేలు అని ఉంటే బ్యాటరీ సగం చచ్చిందని అర్థం. అప్పుడు కొత్త బ్యాటరీ వేయించమని అడగండి, లేదా ధర తగ్గించమనండి. కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు బయోస్‌లోకి వెళ్లి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే అది పాత కంపెనీ తాళం, ఆ మిషన్ వద్దు. కనీసం ఆరు నెలల వారంటీ బిల్లు మీద రాయించుకోవాలి. జీఎస్‌టీ నంబరు లేని తెల్ల కాగితం చీటీ బిల్లు కాదు. సీనియర్ అన్ననో అక్కనో ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఇంగ్లిష్‌లో గబగబా మాట్లాడే షాపులో నాన్న ఒక్కడే నిలబడితే ఏం జరుగుతుందో మనకు తెలుసు.

డబ్బు ఎక్కడ అడగాలి

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎస్సీ విద్యార్థులకు టాప్‌క్లాస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ఇంకా ఆ జాబితాలో ఉన్న సంస్థల్లో సీటు వచ్చి, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించనివాళ్లు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. 2021-22 నుంచి అమలైన మార్గదర్శకాల్లో ఫీజు కాక మొదటి ఏడాది 86 వేలు, తర్వాత ఏటా 41 వేలు అకడమిక్ అలవెన్సు ఉంది. మొదటి ఏడాది ఎక్కువ ఇవ్వడానికి కారణం అందులో ల్యాప్‌టాప్ ఖర్చు ఉండటమే. ఇది దయ కాదు, పథకంలో రాసి ఉన్నది. ఒక్కో సంస్థకు ఇన్ని అని లెక్క ఉంటుంది, అందులో 30 శాతం అమ్మాయిలకు. చేరిన వారంలోనే సంస్థలో స్కాలర్‌షిప్‌లు చూసే అధికారిని కలవండి. ఎన్‌ఐటీ వరంగల్‌లోనో ఐఐటీ తిరుపతిలోనో సీటు వచ్చి కూడా ఈ పథకం పేరు వినని పిల్లలు మాకు తగిలారు.

మన పిల్లల్లో ఎక్కువమంది వెళ్లేది కన్వీనర్ కోటాలో ప్రైవేటు కాలేజీలకు. అక్కడ ఉండేది పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్. కుటుంబ ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. కేంద్రం మార్గదర్శకాల్లో ఇంజనీరింగ్ లాంటి కోర్సులకు ఏడాదికి హాస్టల్ విద్యార్థికి 13,500, ఇంటి నుంచి వచ్చేవారికి 7,000 నిర్వహణ భత్యం ఉంది. కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఇందులో ల్యాప్‌టాప్‌కు విడిగా ఏమీ లేదు. తిండికే సరిపోని ఆ డబ్బులో ల్యాప్‌టాప్ కొనుక్కోమని ఎవరూ చెప్పలేరు.

అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50 వేలు. కంప్యూటర్ కొనుగోలు కూడా అందులో రాసిన ఖర్చుల్లో ఒకటి. ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక కుటుంబంలో ఇద్దరు అమ్మాయిల దాకా ఇస్తారు. వైకల్యం ఉన్న విద్యార్థులకు ఇదే తరహాలో సక్షమ్ ఉంది. అయితే ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకోకూడదన్న షరతు చూసుకోవాలి. లక్ష రూపాయల రీయింబర్స్‌మెంట్ పోగొట్టుకుని 50 వేలు తెచ్చుకుంటే నష్టమే. నింపే ముందు కాలేజీలోనూ సంక్షేమ శాఖలోనూ అడిగి, రెండింటి లెక్క కాగితం మీద వేసి చూడండి.

విద్యారుణం తీసుకుంటున్న కుటుంబాలు ఒక చిన్న విషయం మర్చిపోతాయి. బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకంలో చదువుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చూ చేర్చవచ్చు. దరఖాస్తులో ఖర్చుల పట్టిక నింపేటప్పుడే ల్యాప్‌టాప్ కొటేషన్ జతచేయండి. తర్వాత అడిగితే మేనేజర్లు మొహం చాటేస్తారు. షాపులో కార్డు మీద ఇచ్చే కిస్తీల కన్నా ఇది ఎన్నో రెట్లు నయం, చదువయ్యాక కట్టేది. "జీరో వడ్డీ" అనే బోర్డు చూసి ఆగిపోకండి. సున్నా వడ్డీ అన్నదే లేదని 2013లో రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు రాసింది. ఆ వడ్డీ ధరలోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో, మనం అడగని బీమాలోనో దాగి ఉంటుంది. మొత్తం కిస్తీలు కూడి, అదే మిషన్ నగదు ధరతో పోల్చి చూడండి.

ఇక ప్రభుత్వాలను అడగాల్సింది ఒకటుంది. తమిళనాడు 2011లోనే ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల పిల్లలకు ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. మన దగ్గర 2008లో ట్రిపుల్ ఐటీలు తెరిచినప్పుడు పల్లెటూరి పిల్లల చేతికి మొదటి ఏడాదే ల్యాప్‌టాప్ ఇచ్చి పాఠం చెప్పారు. అది సాధ్యమేనని అప్పుడే రుజువైంది. ఆంధ్రప్రదేశ్‌కు 2013 సబ్‌ప్లాన్ చట్టం, తెలంగాణకు 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. ఎస్సీ విద్యార్థి బీటెక్‌లో చేరితే ల్యాప్‌టాప్ ఇవ్వడం ఆ నిధికి సరిగ్గా తగిన ఖర్చు. రోడ్లకూ భవనాలకూ పద్దులు మళ్లించే తీరు తెలిసినవాళ్లం కనుక, విద్యార్థి సంఘాలు దీన్ని జిల్లా స్థాయిలో రాతపూర్వకంగా పెట్టాలని మా సూచన.

ఆ డిమాండు నెరవేరేలోగా చేయగలిగింది కూడా ఒకటుంది. పోస్ట్‌మెట్రిక్ పథకంలో వెనకటికి బుక్ బ్యాంక్ ఉండేది, ఇద్దరు ఎస్సీ విద్యార్థులకు ఒక సెట్టు పుస్తకాలు. అదే పద్ధతిలో క్యాంపస్ సంఘాలు ల్యాప్‌టాప్ బ్యాంకు నడపవచ్చు. ఉద్యోగం వచ్చిన సీనియర్ తన పాత మిషన్‌ను ఇచ్చి వెళ్తాడు. కొత్త ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీకి నాలుగైదు వేలు చందా వేస్తే అది మరో మూడేళ్లు పనిచేస్తుంది. పేరు, తేదీ, సీరియల్ నంబరు రాసిన ఒక రిజిస్టర్ ఉంటే చాలు. అంబేద్కర్ జయంతికి పెట్టే ఫ్లెక్సీల్లో రెండు తగ్గించినా ఒక ఎస్‌ఎస్‌డీ వస్తుంది.

కొన్నాక ఏం చేయాలో కొంచెం. బిల్లు, వారంటీ కార్డు, మిషన్ అడుగున ఉండే సీరియల్ నంబరు మూడింటినీ ఫోన్లో ఫోటో తీసి మెయిల్‌కు పంపుకోండి. హాస్టల్లో దొంగతనం జరిగితే పోలీసు ఫిర్యాదుకు ఆ నంబరే ఆధారం. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించనివ్వొద్దు. వైరస్ దాంతోనే వస్తుంది. కాలేజీ మెయిల్ ఐడీ ఉంటే ఆఫీస్ చాలాచోట్ల ఉచితం, లేకపోతే లిబ్రేఆఫీస్ ఎప్పటికీ ఉచితమే. రికార్డులు, ప్రాజెక్టు ఫైళ్లు వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకో డ్రైవ్‌లోకో ఎక్కించండి. షాపు వారంటీ మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అసలు బిల్లును మాత్రం కుల ధ్రువీకరణ పత్రం, పదో తరగతి మెమో ఉన్న కవర్లోనే పెట్టి ఇంట్లో అమ్మ చేతికి ఇచ్చి రండి.